గాలివాన రాత్రి ఎవరి పని చెడింది?

ఏటా పరీక్షల తరువాత జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మాకు ఒకే అనుభవం ఎదురవుతూ ఉంటుంది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథ మీద ప్రశ్న ఇస్తే దాదాపు అన్ని పత్రాలలోనూ ఒకే సమాధానం కనిపిస్తుంది. నియమాల మీద బతికిన రావుగారి అహంకారం ప్రకృతి ముందు కూలిపోయిందనీ, ముష్టి మనిషిలోని మానవత్వాన్ని ఆయన గుర్తించారనీ రాస్తారు. ఆ రెండు వాక్యాల చుట్టూ కొందరు ఒక పుట, కొందరు మూడు పుటలు అల్లుతారు. రాసినది తప్పని చెప్పడానికి వీలులేదు కాబట్టి మార్కులు వేస్తాం. కాని కట్ట ముడివేసి పక్కన పెట్టిన తరువాత మనసులో ఏదో వెలితి మిగులుతుంది. మానవత్వం అన్న ఆ పెద్దమాట కింద ఆ రాత్రి నిజంగా ఎవరు ఎవరికి ఏమి చేశారో కనిపించకుండా పోయింది.

ఆ వెలితికి ఒక రూపం ఇచ్చింది మా తరగతిలోని ఒక విద్యార్థిని. సోలాపూరులో మగ్గాల వాడలో పుట్టి పెరిగిన అమ్మాయి. తండ్రి నేతపని చేసేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. రావుగారి ప్రయాణం గాలివాన వల్ల ఎలా భంగమైందో మేము వివరిస్తూ ఉంటే ఆ అమ్మాయి లేచి, "ఆమెకు కూడా ఆ దినం గిరాకీ పోయినట్టే కదా సార్?" అని అడిగింది. తరగతి నవ్వింది. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ముష్టి ఎత్తడానికి గిరాకీ అన్న మాట వాడవచ్చునా అన్నది ఒక ప్రశ్న. అంతకంటె పెద్ద ప్రశ్న, ఇన్నేళ్ళుగా ఈ కథ పాఠం చెబుతున్న మాకు ఆమె రోజు కూడా చెడిందన్న సంగతి ఎందుకు తోచలేదన్నది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

కథ, దాని కీర్తి

పద్మరాజు గారు (1915–1983) పశ్చిమగోదావరి జిల్లా తిరుపతిపురంలో జన్మించారు. కాకినాడ పి.ఆర్. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించారు. 'గాలివాన' కథ ఆంగ్లరూపానికి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి లభించింది. తెలుగు కథకు బయటి ప్రపంచంలో అంత పేరు రావడం అదే మొదటిసారి అని ఆ తరం వారు గర్వంగా చెప్పుకునేవారు. 'గాలివాన' పేరుతో వచ్చిన కథల సంపుటికి 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి రచయిత లేరు.

ఈ కీర్తి వల్ల కథకు మేలూ జరిగింది, కొంత కీడూ జరిగింది. పాఠ్యపుస్తకాలలోకీ సంకలనాలలోకీ ఎక్కడం మేలు. కథ కంటె ముందే కథ గురించిన అభిప్రాయం విద్యార్థికి అందిపోవడం కీడు. 'ప్రపంచస్థాయి కథ', 'మానవ స్వభావ విశ్లేషణ' అన్న మాటలు వినివచ్చినవాడు కథ చదివేటప్పుడు ఆ మాటలనే వెతుక్కుంటాడు. అవి దొరుకుతాయి కూడా. దొరికిన తరువాత ఇంక చూడడు.

కథాంశాన్ని క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. రావుగారు ఒక సమాజం వార్షికోత్సవంలో ఉపన్యాసం ఇవ్వడానికి రైలులో వెళుతున్నారు. బయట వాన. పెట్టెలోకి ఒక ముష్టి మనిషి ఎక్కి అందరినీ మాటలతో కదిలించి డబ్బులు అడుగుతుంది. ముష్టి వేయకూడదన్నది రావుగారి నియమం కనుక ఆయన వేయరు. దిగవలసిన స్టేషనులో దిగేసరికి వాన గాలివాన అయింది. ఊళ్ళోకి వెళ్ళే దారి లేదు. స్టేషను గదిలో ఒంటరిగా చిక్కుకుంటారు. ఆ గదిలోకే ఆమె కూడా తడిసి వణుకుతూ వస్తుంది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని బతుకుతారు. తెల్లవారేసరికి ఆమె లేదు, రావుగారి పర్సూ లేదు. కూలిన టిక్కెట్ల గది కింద ఆమె శవమై కనిపిస్తుంది. ఆయన పర్సూ, టిక్కెట్ల డబ్బూ ఆమె దగ్గరే ఉన్నాయి. రావుగారు ఏడుస్తారు.

రెండు పనులు, ఒకే రైలు

రావుగారు ఆ రైలు ఎక్కింది పని మీద. ఉపన్యాసం ఇవ్వడం ఆయన పని. దాని కోసం తయారై వచ్చారు. ఎవరో ఎదురు వస్తారు, సభ ఉంటుంది, అధ్యక్షులుంటారు, దండలుంటాయి. ఇదంతా ఆయన ఊహలో ఒక క్రమంలో ఉంది. ఆయన జీవితంలో ఏదైనా అంతే. తిండికీ మాటకూ ఇంట్లో పిల్లల నడవడికకూ కూడా నియమాలు ఏర్పరచుకున్న మనిషి. అటువంటివాడికి పని చెడడం అంటే ఒక సభ తప్పిపోవడం ఒక్కటే కాదు. తాను ఎవరో చెప్పే ఆధారాలన్నీ ఒక్క పూటలో తొలగిపోవడం. ఎదురు రావలసినవాళ్ళు రాలేదు. స్టేషనులో ఆయనను గుర్తుపట్టేవాడు లేడు. చీకటి గదిలో ఉపన్యాసకుడు వట్టి ముసలివాడు అయిపోయాడు.

ఇంతవరకు మన విద్యార్థులందరూ చక్కగానే రాస్తున్నారు. ఇక రెండవ మనిషి సంగతి.

ఆమె కూడా ఆ రైలు పని మీదే ఎక్కింది. ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు, ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు తిరగడం ఆమె రోజువారీ క్రమం. ముష్టి ఎత్తడం ఒక పని అని, దానికి రాబడి లెక్కలూ నైపుణ్యాలూ ఉంటాయని తెలుగు కథ అప్పటికే చెప్పింది. చాగంటి సోమయాజులు గారి 'ఎంపు' కథలో ముసలి ముష్టివాడు కూతురికి వరుణ్ణి ఎంచేటప్పుడు కుంటివాడి కంటె గుడ్డివాడు మేలంటాడు. గుడ్డివాడికి రాబడి ఎక్కువ. ఆ కథ చదివి నవ్వుకునేవారు కూడా అందులోని లెక్క తప్పని చెప్పలేరు. భూమి చూసి, ఉద్యోగం చూసి పిల్లనిచ్చే తండ్రుల లెక్కే అది. మా విద్యార్థిని వాడిన గిరాకీ అన్న మాట ఆ లెక్కకు చెందినదే. నేత ఇంట్లో పుట్టిన అమ్మాయికి ఒక వానదినం అంటే ఏమిటో తెలుసు. నూలు తడుస్తుంది, పని ఆగుతుంది, కూలి రాదు. ఆ తెలివితో ఆమె కథలోకి చూసింది.

ఆ తెలివితో చూస్తే రైలు పెట్టెలోని ఘట్టం వేరుగా కనిపిస్తుంది. ఆమె ఎక్కిన వెంటనే అందరితో చనువుగా మాట్లాడుతుంది, నవ్విస్తుంది, ఒక్కొక్కరి ముఖం చూసి ఒక్కొక్క మాట అంటుంది. రావుగారికి అది సిగ్గులేనితనంగా తోస్తుంది. జవాబు పత్రాలలో కూడా 'చొరవ గల స్త్రీ', 'లజ్జ లేనిది' అని రాస్తారు. అది ఆమె పనితనం అని మేము అంటాము. తెలియని మనిషి ముఖం చూసి ఒక నిమిషంలో అతడికి ఏ మాట కావాలో పసిగట్టడం ఏళ్ళ తరబడి పెట్టె పెట్టె తిరిగితే గాని పట్టుబడదు. ఉపన్యాసకుడికీ అదే విద్య కావాలి నిజానికి. రావుగారికి అది లేదు. ఆయన ముందే తయారు చేసుకున్న మాటలు చెబుతారు.

రాత్రి గదిలో

ఇప్పుడు స్టేషను గదికి వద్దాం. ఇక్కడ మన జవాబు పత్రాలు సాధారణంగా ఒక మెట్టు దాటవేస్తాయి. ఆమె ఆయనకు ధైర్యం చెప్పింది, వెచ్చదనం ఇచ్చింది అని నేరుగా రాసేస్తారు. కథలో ముందు ఇచ్చింది ఆయన. తడిసి వచ్చిన ఆమెకు పొడిబట్ట ఇస్తారు, తన దగ్గరున్న బిస్కెట్లలో కొన్ని ఇస్తారు. పగలు రైలులో ఒక్క కాసు ఇవ్వని మనిషి రాత్రి గదిలో బట్ట ఇచ్చారు. నియమం మారిందా? మారలేదు. ముష్టి అడగడం ఆగింది, అంతే. గదిలో ఆమె ఏమీ అడగలేదు. అడగనివాడికి ఇవ్వడంలో ఆయన నియమానికి భంగం లేదు. పద్మరాజు గారు దీనిని ఎక్కడా వివరించరు. రావుగారి గుండెలో దయ లేక కాదు, దానికి తలుపు వేసి ఉంచిన సూత్రం ఒకటి ఉంది. ఆ రాత్రి ఆ తలుపు గదితలుపు కంటె ముందే ఊడింది.

తరువాత గాలి తీవ్రమవుతుంది. అప్పుడు ఇచ్చే వంతు ఆమెది. ఆమె భయపడినట్టు కనిపించదు. మాట్లాడుతూనే ఉంటుంది, తన బతుకు చెప్పుకుంటుంది, ఆయనను దగ్గరకు తీసుకుంటుంది. పసివాణ్ణి చూసినట్టు చూస్తుంది. ఇక్కడ మేము చెప్పదలచినది ఒకటే. పగలు రైలులో రావుగారు ఏవగించుకున్న గుణాలే రాత్రి ఆయనను బతికించాయి. తెలియని మనిషితో వెంటనే మాట కలపడం, ముట్టుకోవడానికి సంకోచించకపోవడం, ఎదుటివాడి భయాన్ని ముఖంలో చదవడం, రోజు గడవని పరిస్థితికి అలవాటు పడి ఉండడం ఇవన్నీ ఆమె పని నేర్పిన విద్యలే. ఆమె దయ ఎక్కడి నుంచో ఊడిపడిన దివ్యగుణం కాదు. చేతికి అలవాటైన పనిలో భాగం. మంచి మంత్రసాని చేతికీ, ఆసుపత్రిలో రాత్రి కాపలా కాసే ఆయా చేతికీ ఇటువంటి దయే ఉంటుంది.

ఆమె పర్సు తీసుకుంది. ఈ విషయం దగ్గర విద్యార్థులు తికమకపడతారు. కొందరు దానిని వదిలేస్తారు. కొందరు ఆమె పర్సును భద్రపరచడానికి తీసుకున్నదని సమర్థిస్తారు. కథ అలా చెప్పదు. టిక్కెట్ల గది డబ్బు కూడా ఆమె దగ్గర దొరికింది. ఆ రాత్రి రాబడి పోయిన మనిషి, అందరూ వదిలిపోయిన గదిలో డబ్బు కనిపిస్తే తీసుకుంది. రావుగారిని గుండెకు హత్తుకున్నదీ ఆమే, రావుగారి పర్సు తీసినదీ ఆమే. ఈ రెండింటి మధ్య ఆమెకు పేచీ లేదు. పేచీ మనకు. దయ చూపినవాళ్ళు మిగతా విషయాలలో కూడా మన నియమాల ప్రకారం మంచివాళ్ళుగా ఉండాలని మనం కోరుకుంటాం. ఆ కోరికను తీర్చకపోవడమే ఈ కథలో మాకు అన్నిటికంటె నచ్చిన అంశం.

జట్కా బండి

పోలికకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి (1891–1961) 'అరికాళ్ళ కింద మంటలు' తీసుకుందాం. రాజమహేంద్రవరంలో ఒక ఇంటి ఆడపడుచు రుక్కమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉన్నది. ఇంట్లో పెద్దా చిన్నా అందరూ ఆమెకు పనులు చెబుతారు. ఒకరు చెప్పిన పని చేస్తుంటే మరొకరు ఇంకో పని చెబుతారు, రెండూ కాలేదని ఇద్దరూ తిడతారు. ఇది పని చెడిన రోజు కాదు, ఏ రోజుకారోజు చెడుతూనే ఉండే పని. చివరకు ఆమె ఇల్లు విడిచి బయటపడి జట్కా ఎక్కి వీరేశలింగం పంతులు గారి తోటకు పోతుంది. ఆ ఊళ్ళోనే 1881 డిసెంబరు 11న పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. కాబట్టి ఆ తోట పేరు చెప్పడమే ఆమె ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పినట్టు. పాఠకుడికి వేరే వివరణ అక్కరలేదు.

జట్కా తోలేవాడు ఆమెకు ఎవరు? ఎవరూ కారు. ఎక్కినవారిని చెప్పిన చోటికి చేర్చడం అతడి వృత్తి. ఒంటరిగా వచ్చిన పడుచు విధవను తిరిగి ఇంటికి అప్పగించి పెద్దల మెప్పు పొందే అవకాశం అతడికి ఉంది. అలా చేయకుండా బండి తోలడమే అతడి దయ. కుటుంబమంతా కలిసి ఇవ్వలేనిది ఒక పరాయివాడి పనిలో ఆమెకు దొరికింది.

రెండు కథల శిల్పంలో ఉన్న తేడా కూడా గమనించదగినది. శ్రీపాద వారి కథ దాదాపు అంతా సంభాషణే. జట్కావాణ్ణి మెచ్చుకోవడానికి మధ్యలో కథకుడు లేడు. 'గాలివాన' రావుగారి మనసును అంటిపెట్టుకుని నడుస్తుంది. ఏమి జరిగినా అది ఆయనకు ఎలా అనిపించిందన్నదే మనకు తెలుస్తుంది. ఈ సంవిధానం వల్ల రావుగారి అంతరంగం ఎంతో బాగా వచ్చింది. దీని వల్లనే ఒక నష్టమూ జరిగింది.

మా అభ్యంతరం

ఆ నష్టాన్ని దాచకుండా చెప్పాలి. ఆమెకు కథలో పేరు లేదు. రావుగారిలో మార్పు రావడానికి ఆమె చచ్చిపోవలసి వచ్చింది. బతికి, పర్సుతో పక్క ఊరి రైలు ఎక్కి ఉంటే రావుగారు ఏమనుకునేవారు? 'వీళ్ళింతే' అనుకునేవారని మా అనుమానం. ఆయన నియమాలు మునుపటి కంటె గట్టిపడేవి. ఆమె చావు ఆయన కన్నీళ్ళకు దారి సుగమం చేసింది. పోయినవాళ్ళను క్షమించడం తేలిక. కథ పూర్తయ్యేసరికి ఒకరికి జ్ఞానం మిగిలింది, ఇంకొకరి బతుకు మిగలలేదు. ఇంత ప్రతిభావంతమైన కథలో కూడా దయకు ఖర్చు పెట్టింది లేనివాళ్ళు, దయ వల్ల లాభపడింది ఉన్నవాళ్ళు. ఆమె కథను ఆమె వైపు నుంచి చెప్పి ఉంటే ఇది మరొక కథ అయ్యేది. పద్మరాజు గారు అది రాయలేదని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చదివేవాళ్ళు ఆ లోటును చూడకుండా 'మానవత్వం' అని రాసి ఊరుకోవడం మీదనే మా అభ్యంతరం.

ఇందులో భాష చేసే పని కూడా ఉన్నది. జవాబు పత్రాలలో ఒకరు 'రావుగారు', 'ఆయన'. మరొకరు 'ముష్టిది', 'అది'. ఈ 'అది' అన్న సర్వనామం దగ్గర మన విద్యార్థులు ఆగాలి. తమిళంలో 'అవళ్' ఉంది, కన్నడంలో 'అవళు' ఉంది, మరాఠీలో 'తీ' ఉంది. గౌరవం లేకపోయినా అవి స్త్రీని స్త్రీగానే చెబుతాయి. తెలుగులో మన్నన తీసేస్తే స్త్రీకి మిగిలేది రాయికీ చెట్టుకూ వాడే మాటే. హోసూరులో, బళ్ళారిలో, సోలాపూరులో రెండు భాషల మధ్య పెరిగిన మీకు ఇది వెంటనే తెలుస్తుంది. ఒకే భాషలో పెరిగినవారికి కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. మీ జవాబులో ఆమెను 'ఆమె' అని రాయడం మర్యాద కోసం మాత్రమే కాదు. అలా రాసినప్పుడు వాక్యంలో ఆమె చేసిన పని కనిపించడం మొదలవుతుంది. 'అది వెచ్చదనం ఇచ్చింది' అన్న వాక్యానికీ 'ఆమె వెచ్చదనం ఇచ్చింది' అన్న వాక్యానికీ తేడా చూడండి. మొదటిదాన్ని కుంపటి గురించి కూడా రాయవచ్చు.

మా సొంత తప్పు

ఇంత చెప్పిన తరువాత మా సంగతి కూడా చెప్పుకోకపోతే న్యాయం కాదు.

చాలా ఏళ్ళ కిందట మాలో ఇద్దరం హోసూరు అవతల ఒక తెలుగు పల్లెకు పాటలు సేకరించడానికి బయలుదేరాం. పెళ్ళిపాటలు తెలిసిన ముసలమ్మలు అక్కడ ఉన్నారని విని టేపురికార్డరు, ఖాళీ క్యాసెట్లు, ప్రశ్నల పట్టిక పట్టుకుని వెళ్ళాం. దారిలో బస్సు చెడింది. రెండవ బస్సు మమ్మల్ని ఒక కూడలిలో దించేసరికి పొద్దుగూకింది. పల్లెకు పోయే చివరి బస్సు వెళ్ళిపోయింది. వాన మొదలైంది. ఆ కూడలిలో ఉన్నది ఒక్క టీ అంగడి. దానిని నడిపే ముసలామె సామాను సర్దుకుంటున్నది.

"ఈ పొద్దింక బస్సు రాదు నాయనా. తడస్తా ఉండారు, లోపలికొచ్చి కూర్చోండి" అన్నది. మేము తమిళంలో ఏదో అడగబోతే ఆమె తెలుగులోనే మాట్లాడింది. ఆర్పిన పొయ్యి మళ్ళీ రాజేసి టీ కాచింది. బొరుగులు పెట్టింది. టీకి డబ్బులు లెక్కగా తీసుకుంది, చిల్లర లెక్కగా ఇచ్చింది. రాత్రికి అంగడిలోనే బల్లలు కలిపి పడుకోమన్నది. దానికి డబ్బు ఇవ్వబోతే ఎందుకన్నట్టు చూసింది. ఆమె ఇంటికి పోవలసిన వేళ దాటిపోయింది. మనవడెవరో వచ్చి కేకలేసి వెళ్ళాడు. ఆ వానకు ఆమెకు కూడా బేరం లేదన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు. మా పని చెడిపోయిందన్న దిగులులో ఉన్నాం. పొద్దున్నే మొదటి బస్సుకు తిరిగి వచ్చేశాం.

తరువాత విభాగానికి ఇచ్చిన నివేదికలో ఒక్క వాక్యం రాశాం. 'వర్షం కారణంగా సమాచార సేకరణ సాధ్యపడలేదు.' ఆ రాత్రంతా ఆమె మాతో మాట్లాడింది. తన పెళ్ళి గురించి, కరువు గురించి, మూడు భాషలలో బేరం చేయడం గురించి చెప్పింది. టేపురికార్డరు సంచిలోనే ఉంది. మేము వెతుకుతూ వెళ్ళిన తెలుగు ఆ అంగడిలోనే ఉంది. ఆమెను మేము సమాచారంగా చూడలేదు, మనిషిగానూ సరిగా చూడలేదు. ఆమె పేరు కూడా అడగలేదు. అవ్వా అని పిలిచి ఊరుకున్నాం. కథలో ముష్టి మనిషికి పేరు లేదని పద్మరాజు గారిని ప్రశ్నించే ముందు మేము మా నివేదికను చూసుకోవాలి.

విద్యార్థులకు ఒక సూచన

తెలుగు నేలకు వెలుపల తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు పరాయివాళ్ళ దయ కొత్త కాదు. మన పెద్దలు ఏదో ఒక కాలంలో తెలియని ఊరిలో, తెలియని భాషలో పని వెతుక్కున్నవాళ్ళే. మొదటి రోజు కూలి తప్పినప్పుడు అన్నం పెట్టినదెవరో, ఉత్తరం చదివి చెప్పినదెవరో, మగ్గం గుంట చూపించినదెవరో ప్రతి ఇంట్లోనూ ఒక ముచ్చట ఉంటుంది. యానాంలో ఉన్నవారు 1996 నవంబరు తుపాను గురించి, ఒడిశాలో ఉన్నవారు 1999 అక్టోబరు తుపాను గురించి ఇంట్లో అడగండి. దివిసీమలో చుట్టాలున్నవారు 1977 నవంబరు సంగతి అడగండి. ఆ రాత్రులలో ఎవరు ఎవరిని ఆనుకుని బతికారో వినండి. విన్నప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. సాయపడిన ఆ మనిషి ఆ రోజు ఏ పనిలో ఉన్నారు? ఆ సాయం వల్ల వారి పని ఏమైంది? వారి పేరేమిటి? పేరు గుర్తులేదంటే ఆ సంగతి కూడా రాసుకోండి.

ఆ తరువాత 'గాలివాన' మళ్ళీ చదవండి. రావుగారి కన్నీళ్ళను తక్కువ చేయమని మేము చెప్పడం లేదు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఆయన వెనకనే ఆ గదిలోకి తడిసి వచ్చిన మనిషిని కూడా చూడమంటున్నాం. ఆమె పొద్దుటి నుంచి ఎన్ని పెట్టెలు తిరిగిందో, ఆ వానకు ఎంత మంది చేయి చాపారో, ఇంకా ఎంత వస్తే ఆ పూట గడిచేదో ఆలోచించి జవాబు రాయండి.

సోలాపూరు అమ్మాయి ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్నకే జవాబు రాసింది. పత్రంలో ఎక్కడా మానవత్వం అన్న మాట లేదు. మొదటి వాక్యం ఇలా ఉంది: 'ఆ రోజు రైలులో ఇద్దరు పనివాళ్ళు ప్రయాణం చేశారు.' పూర్తి మార్కులు వేశాం.